పక్షి గూటి వేస్ట్: ఉడికించి తీయాలా, ఎంజైమ్ వేసి తీయాలా?

స్విఫ్ట్‌లెట్ అనే చిన్న పక్షి తన లాలాజలంతో కట్టే, మనుషులు సూప్‌గా వండుకు తినే గూళ్లను శుభ్రం చేసే చిన్న యూనిట్ల వాళ్లు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. ఇక్కడ మలేషియాలోని పేరాక్ తీరంలో, తెలుగువాళ్లు తరాలుగా స్థిరపడిన బాగన్ డాటోక్ వైపు నుంచి కూడా ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు. "ఈకలతో పాటు పారబోస్తున్న ముక్కల్ని పౌడర్ చేద్దామనుకుంటున్నాం. ఏ పద్ధతి మేలు?" అని. మేం కూడా తేల్చుకోలేక కొన్ని నెలలు రెండు పద్ధతులూ పక్కపక్కనే పెట్టి చేసి చూశాం. ఈమధ్యే ఒకటి ఖాయం చేసుకున్నాం కాబట్టి, ఎందుకలా చేశామో వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ వేస్ట్ ఎలా ఉంటుందో చెప్పాలి. నానిన గూటిని తెల్లటి పళ్లెంలో పెట్టుకుని, దీపం వెలుగులో ట్వీజర్‌తో ఒక్కో నూగు ఈకా ఏరుతారు. తీసిన ప్రతి ఈకా తనతో పాటు సన్నటి గూటి పోగు ఒకటి లాక్కొస్తుంది. ఈకను పక్కనున్న గిన్నెలో నీళ్లలో ముంచి ట్వీజర్ కడుక్కుంటారు. సాయంత్రానికి ఆ గిన్నెలో బూడిదరంగు ముద్ద ఒకటి తేలుతుంది. వేళ్ల మధ్య నలిపితే జారుతుంది కానీ విడిపోదు. జుట్టుకు అంటుకున్న చూయింగ్ గమ్‌ని లాగినట్టే ఉంటుంది. పెద్ద ముక్కల్ని ఎవరూ పారేయరు, అచ్చులో పెట్టి అమ్ముతారు. చెత్తలోకి పోయేది ఈకకు చుట్టుకున్న ఈ పోగే. అది కూడా అసలు గూడే. సగానికి పైగా ప్రొటీన్, దాదాపు పదో వంతు సియాలిక్ యాసిడ్ (గూటి ప్రొటీన్‌కు అంటుకుని ఉండే ఒక రకం చక్కెర). ఒక గూడు శుభ్రం చేయడానికి గంటల తరబడి మెడ వంచుకు కూర్చునే ఆడవాళ్ల కష్టంలో కొంత రోజూ తూములోకి పోతోందంటే నాకు మనసొప్పదు.

రెండు దారులు మాత్రం మొదట్లోనే వదిలేయొచ్చు. ఎండబెట్టి మర పట్టించడం అన్నిటికంటే చవక, కానీ ఈక కూడా పిండైపోతుంది. యాసిడ్‌తో ఉడికిస్తే సియాలిక్ యాసిడ్ తాను అంటుకున్న చోటు నుంచి ఊడి వస్తుంది. ల్యాబ్‌లో కొలతకు అది బాగుంటుంది, తినే వస్తువుకు కాదు. ఆ యాసిడ్‌ని క్షారంతో విరిచాక మిగిలే ఉప్పును తీయడం ఇంకో పని.

ఇక మిగిలినవి రెండు: వేడి నీళ్లలో ఉడికించి వడకట్టడం, ఎంజైమ్ వేసి కరిగించి వడకట్టడం.

ఉడికించడంలో సుఖం చాలా ఉంది. డబుల్ బాయిలర్, గుడ్డ ఉంటే చాలు. లేబుల్ మీద రాయడానికి కొత్త పేరేమీ ఉండదు. కోడిగుడ్డు తెల్లసొనను గుర్తుచేసే ఆ గూటి వాసన అలాగే నిలుస్తుంది, చేదు రాదు. కానీ గూటి ప్రొటీన్ వేడి నీళ్లలో ఉబ్బినంతగా కరగదు. ఎక్కువ సేపు ఉడికిస్తే కొంత దిగుతుంది, మిగతాది జెల్లీలా మారి ఈకల్ని మునుపటి కంటే గట్టిగా పట్టుకుంటుంది. గుడ్డలో పోస్తే రెండు నిమిషాల్లో రంధ్రాలు మూసుకుపోతాయి. పిండితే జెల్లీతో పాటు సన్న ఈకలు కూడా దూరి వస్తాయి. పిండకపోతే సరుకు గుడ్డలోనే ఉండిపోతుంది. ఎంత మెత్తటి గుడ్డ మార్చినా మేం ఈ చిక్కు నుంచి బయటపడలేదు.

నా మట్టుకు మొత్తం లెక్క ఇక్కడే తేలిపోయింది. ఈక నుంచి గూడు పూర్తిగా విడిపోయేలా చేసేదే సరైన పద్ధతి. ఖర్చు, రుచి, లేబుల్ అన్నీ దాని తర్వాతే.

ఎంజైమ్ ఆ పని చేస్తుంది. మేం వాడేది ఆల్కలేజ్, బట్టల సబ్బు పొడుల్లో వాడే ఎంజైముల కుటుంబానిదే, ఫుడ్ గ్రేడ్‌ది. కడిగిన వేస్ట్‌ని ముందు ఒక అరగంట ఉడికించి ఉబ్బనిస్తాం. 60 డిగ్రీలకు చల్లార్చి, పీహెచ్ 8 దగ్గర, అంటే కొద్దిగా క్షారంగా పెట్టి ఎంజైమ్ కలుపుతాం. మొదటిసారి చేసినప్పుడు గరిటె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. పది నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత గరిటెకు తగిలే బరువు తగ్గింది. అరగంటకు గంజిలా ఉన్నది వార్చిన గంజి తేటలా పల్చబడింది. జల్లెడలో పోస్తే ఆగకుండా దిగిపోయింది. జల్లెడ మీద మిగిలిన ఈకల్ని వేళ్లతో తీసి రుద్ది చూశాను. జిగురు లేదు. తడి కోడి ఈక ఎలా ఉంటుందో అలా ఉంది, అంతే.

కారణం కష్టమైనదేమీ కాదు. ఈక కెరటిన్, అంటే మన గోళ్లలో, జుట్టులో ఉండే లాంటి గట్టి ప్రొటీన్. గంధకపు బంధాలతో బిగుసుకుని ఉంటుంది కాబట్టి ఈ ఎంజైమ్ దాన్ని మామూలు పరిస్థితిలో పెద్దగా తాకలేదు. గూటి ప్రొటీన్‌ని మాత్రం ముక్కలు ముక్కలుగా కోసేస్తుంది. అంటే ట్వీజర్ చేయలేని ఏరివేత ఎంజైమ్ చేస్తోందన్నమాట. ఇక్కడి యూనివర్సిటీ కెబాంగ్సాన్ మలేషియా పరిశోధకులు ఈ మిగులు నుంచే ఎంజైమ్‌తో గ్లైకోపెప్టైడ్లు (చక్కెర అంటుకుని ఉన్న చిన్న ప్రొటీన్ ముక్కలు) తీసి చూపించారు, కాబట్టి ఇది మా సొంత ఊహ కూడా కాదు. చిన్న ముక్కలవడం వల్ల చల్లటి నీళ్లలో కూడా కరుగుతుంది. డ్రింక్‌లో, బిస్కెట్‌లో, నూడుల్స్‌లో కలపడానికి ఆహార కంపెనీలు అడిగేది ఆ గుణమే. 2006లో జపాన్ పరిశోధకులు ఫ్లూ వైరస్ కణాలకు అంటుకోకుండా గూటి సారం అడ్డుపడటం ల్యాబ్‌లో గమనించినప్పుడు కూడా వాడింది ఎంజైమ్‌తో కోసిన సారాన్నే. అది గాజు పాత్రలో జరిగిన ప్రయోగం. దాన్ని పట్టుకుని ప్యాకెట్ మీద ఫ్లూ మందు అని రాసేవాళ్లను మాత్రం నేను సమర్థించను.

ఎంజైమ్‌తో ఇబ్బందులు లేవని కాదు. టైమ్ దాటితే చేదు వస్తుంది. మా రెండో బ్యాచ్ అలాగే పోయింది, ఇప్పుడు గంటన్నరకు మించనివ్వం. వెంటనే 90 డిగ్రీలు దాటించి ఎంజైమ్‌ని చంపేయాలి. పని జరుగుతున్నకొద్దీ పీహెచ్ పడిపోతుంది, క్షారం చుక్కలు వేస్తూ పోతే ఉప్పు పేరుకుంటుంది. ఎంజైమ్‌కి జాకిమ్ (మలేషియాలో హలాల్ చూసే ప్రభుత్వ శాఖ) ఒప్పుకునే హలాల్ సర్టిఫికెట్ ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి, లేకపోతే మలేషియాలో సరుకు కదలదు. పౌడర్ గాలిలో తేమను ఇట్టే లాగేసుకుంటుంది, డ్రయ్యర్ నుంచి తీసిన వెంటనే సీల్ చేయాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా రెంటికీ ఒకే చోట దెబ్బ తగులుతుంది. అది నైట్రైట్, ఎక్కువైతే ఒంటికి హాని చేసే ఒక లవణం. 2011లో చైనా మలేషియా గూళ్లను ఆపేసింది దీని వల్లే. ఆ తర్వాత కిలోకు 30 మిల్లీగ్రాముల పరిమితి పెట్టారు. నైట్రైట్ నీళ్లలో కరిగేది కాబట్టి ఉడికించినా, ఎంజైమ్ వేసినా గూటితో పాటే సారంలోకి దిగుతుంది. ఆరబెడితే పౌడర్‌లో చిక్కబడుతుంది కూడా. అందుకే ముందే చల్లటి నీళ్లలో కడగాలి. ఎక్కువ కడిగితే కరిగే గూడు కూడా పోతుంది. మేం రెండు సార్లు, కొద్ది నిమిషాలు మాత్రమే కడుగుతున్నాం. ఎరుపు, ముదురు పసుపు తిరిగిన ముక్కల్ని అసలు కలపం. అన్నిటికంటే ముఖ్యం, సాయంత్రం గిన్నెలో మిగిలిన తడి ముద్దను రాత్రంతా ఉంచకూడదు. అందులోని బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రైట్‌గా మార్చేస్తుంది. బయటి యూనిట్ ఒకటి నుంచి చవగ్గా వస్తోందని ఒకసారి తడి వేస్ట్ కొన్నాం. మూత తీయగానే వాసన వేసింది. టెస్ట్‌లో నైట్రైట్ పరిమితి దాటింది, మొత్తం పారబోశాం. ఇప్పుడు మా దగ్గర ఏ రోజు ముద్ద ఆ రోజే చేస్తాం. కుదరకపోతే పల్చగా పరిచి ఆరబెడతాం.

పౌడర్ కొనేవాడికి ఇంకో టెన్షన్ ఉంటుంది, కల్తీ. గూడు గూడుగా ఉన్నప్పుడు కంటితో కొంతైనా చూడొచ్చు, పౌడర్‌లో ఏం చూస్తాడు? గూళ్లలో కల్తీకి వాడేవాటిలో కరాయా గమ్ ఒకటి. మన విశాఖ ఏజెన్సీలో గిరిజనులు సేకరించే తపసి జిగురే అది. నీళ్లలో ఉబ్బే తీరు గూటిని పోలి ఉంటుంది. ప్రతి బ్యాచ్‌కీ సియాలిక్ యాసిడ్ కొలిపించి రిపోర్ట్ జత చేయండి. జిగురు కలిపితే ఆ అంకె పడిపోతుంది.

రోజుకు గుప్పెడు వేస్ట్ వచ్చి, దాన్ని ఆ రోజే సీసా డ్రింక్‌గా అమ్ముకునేవాళ్లు ఉడికించే పద్ధతిలోనే ఉండండి. ఎంజైమ్, పీహెచ్ మీటర్, డ్రయ్యర్ ఖర్చు మీకు తిరిగి రాదు. కిలోల లెక్కన పోగయ్యేవాళ్లకు, పౌడర్ అమ్మాలనుకునేవాళ్లకు మాత్రం నేను ఎంజైమ్ అనే చెబుతాను.

చివరిగా, బిస్కెట్లలో కలుపుతామని అడిగిన ఒకాయనకు చెప్పిందే మీకూ చెబుతాను. పక్షి గూడు కొంతమందికి ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. సింగపూర్‌లో పిల్లలకు తిండి వల్ల వచ్చే తీవ్రమైన అలర్జీల్లో ఒకప్పుడు దీనిదే ముందు వరుస. ఎంజైమ్ కోసింది కాబట్టి అలర్జీ పోయిందనుకోకండి. సూప్‌లో గూడు కనిపిస్తుంది, తల్లి పక్కన పెట్టగలదు. బిస్కెట్‌లో పౌడర్ కనిపించదు. మేం మా ప్యాకెట్‌కి ముందువైపునే, మలయ్, ఇంగ్లీష్, చైనీస్ మూడు భాషల్లో, బ్రాండ్ పేరు కింద అదే సైజు అక్షరాలతో "ఇందులో పక్షి గూడు ఉంది" అని వేయించాం.