కాలు పక్కన పెట్టి ఆడే వాలీబాల్

డ్యూటీలో దెబ్బతిన్న మాజీ సైనికుల కోసం అనంతపురంలో వారం వారం నడిచే ఆటల కార్యక్రమానికి ఏడాదికి పైగా పోతున్నాను. యోగా, భజన, క్యారమ్స్ అన్నీ ఉన్నాయి, వాటి గురించి చెప్పేదేమీ లేదు. నన్ను పట్టుకున్నది సిట్టింగ్ వాలీబాల్.

యూనిట్లో సాయంత్రాలు వాలీబాల్ ఆడని ఫౌజీ ఎవరు? కాలు పోయినాక టీవీలో వస్తున్నా ఛానల్ మార్చేవాణ్ణి. ఇక్కడ మగవాళ్లకు నెట్టు ఎత్తు 1.15 మీటర్లే. బంతిని ఆడేటప్పుడు పిరుదులు నేల విడవకూడదు. ఆ ఒక్క రూలుతో రెండు కాళ్లున్న మా కోచ్ కూడా మాతో సమానమైపోయినాడు (నిజానికి మాకంటే నాసి, చేతుల మీద జరగడం ఆయనకు రాదు). అవతలోడి సర్వీసునే నెట్టు మీద బ్లాక్ చేయొచ్చు. నిలబడి ఆడే ఆటలో ఆ భాగ్యం లేదు. మొదటిసారి అట్లా ఆపినప్పుడు నేను పెట్టిన కేకకు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చినాడు. నిక్కర్లు మాత్రం వెనకవైపు తొందరగా చిరుగుతాయి.

అప్పట్లో మా వాట్సాప్ గ్రూపులో "అందరూ రండి" అని రాసినా. దాన్ని ఇప్పుడు కాస్త తగ్గించుకోవాలి.

ఆడినంతసేపూ పెట్టుడు కాలు గోడకు ఆనించి ఉంటుంది. అంతసేపు సాకెట్ (పెట్టుడు కాలి పైన ఉండే గిన్నె) బిగువు లేకపోతే, అందులోనూ ఎండాకాలం, స్టంప్, అంటే మిగిలిన కాలి మొండెం, వాస్తుంది. మే నెలలో ఒకరోజు ఆట అయిపోయి కాలు తొడగబోతే సగం దిగి ఆగిపోయింది. ఎంత నొక్కినా కాలిని పట్టి ఉంచే లోపలి పిన్ను టక్కుమనదు. నిర్వాహకుల దగ్గర బ్యానరు ఉంది, అరటిపండ్లు ఉన్నాయి, చుట్టుకోవడానికి ఒక కట్టు లేదు. అట్లా వాస్తుందని కూడా వాళ్లకు తెలియదు. హాలుకు తాళం వేసే టైమైంది. పులివెందుల వైపు నుంచి వచ్చే, నాయక్ ర్యాంకులో చేసినాయన ఒకాయన నవ్వి, "గాలికొదిలేస్తే వాయకుండా ఉంటాదా హవల్దార్ సాబ్? పైకెత్తి పండుకోండి" అని తన సంచిలోని క్రేప్ బ్యాండేజీ తీసి, కింది నుంచి పైకి బిగించి చుట్టినాడు. చీకటి పడినాక గానీ పిన్ను పడలేదు. ఇప్పుడు ఆటకు ముందే కట్టు కట్టుకుంటాను. ఇది మొదటి రోజే కోచ్ చెప్పాల్సిన మాట.

ఇంకొకటి. వచ్చిన ప్రతి అతిథీ మురళీకాంత్ పేట్కర్ కథే చెబుతాడు: 1965 యుద్ధంలో తూటాలు తగిలినాయన 1972లో హైడెల్‌బర్గ్ పారాలింపిక్స్ ఈతలో స్వర్ణం తెచ్చినాడని. గొప్పాయనే, కాదనను. మేము మాత్రం పతకం కోసం రాలేదు, పాయింటు దగ్గర పోట్లాడుకోవడానికి వచ్చినాం.

వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లకు ఇక్కడ స్కోరు రాసే పనే దక్కుతోంది. నడుము నిలవకపోతే ఈ ఆట కష్టం. వాళ్లకు పుణె ఖడ్కీలోని పారాప్లెజిక్ (నడుము కింద చచ్చుబడిన సైనికుల) కేంద్రం లాంటి చోటే మేలనిపిస్తుంది. నాకైతే పోయింది మోకాలి కింద, ఇల్లు ఊళ్లోనే, దింపడానికి కొడుకున్నాడు. ఆడిన రాత్రి, పోయిన కాలి లేని వేళ్లలో తెలిసే మంట తక్కువగా ఉంటుంది, ఆట వల్లనో అలసట వల్లనో. రాయదుర్గం నుంచి బస్సెక్కి రమ్మని మాత్రం ఎవరికీ చెప్పలేను. వచ్చేవాళ్లు బ్యాండేజీ తెచ్చుకోండి.