మనసులోని భాగాలతో పని: థెరపిస్టులు ముందు ఏ పద్ధతి నేర్చుకుంటే మేలు?

కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన థెరపిస్టులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది: మనసును భాగాలుగా చూసే పద్ధతులు ఇన్ని ఉన్నాయి కదా, ముందు ఏది నేర్చుకోమంటారు? నిజానికి ఆ ఆలోచన ఎవరికీ కొత్త కాదు. "ఒక మనసు వెళ్ళమంటోంది, ఇంకో మనసు వద్దంటోంది" అని క్లయింట్లు ఎవరూ నేర్పకుండానే అంటారు. వద్దంటున్న ఆ రెండో మనసుతో థెరపిస్టు ఎలా మాట్లాడాలన్న దగ్గరే పద్ధతులు విడిపోతాయి.

అన్నిటికన్నా త్వరగా పట్టుబడేది ట్రాన్సాక్షనల్ అనాలిసిస్. ఎరిక్ బెర్న్ 1950లలో రూపొందించిన పేరెంట్, అడల్ట్, చైల్డ్ (మనలోని తల్లిదండ్రుల ధోరణి, పెద్దమనిషి ధోరణి, పసితనం) బొమ్మను కాగితం మీద గీసి చూపిస్తే మొదటి సెషన్‌లోనే అర్థమైపోతుంది. ఇద్దరి మధ్య మాట ఎక్కడ బెడిసికొడుతోందో చూపడానికి చాలా బాగుంటుంది. పాత గాయం దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ బొమ్మ ఒక్కటే చాలదు. మనసును భాగాలుగానే చూసే ఈగో స్టేట్ థెరపీ, వాయిస్ డైలాగ్, సైకోసింథసిస్‌లను తర్వాతెప్పుడైనా చదువుకోవచ్చు.

అసలు పోటీ జెఫ్రీ యంగ్ స్కీమా థెరపీకి, రిచర్డ్ ష్వార్ట్జ్ ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్‌కి (ఐఎఫ్‌ఎస్) మధ్యే. వాటి మధ్య తేడా బాగా తెలిసేది లోపల తిట్టే గొంతు దగ్గర.

పని కాస్త ఆలస్యమైతే చాలు, "నువ్వు దేనికీ పనికిరావు" అని లోపల ఎవరో తిడతారని ఒకామె చెప్పిందనుకుందాం. స్కీమా థెరపీలో అది శిక్షించే పేరెంట్ మోడ్, అంటే కఠినమైన పెద్దల గొంతు లోపల పాతుకుపోయి మనల్ని శిక్షించే స్థితి. దాన్ని ఎదురుగా ఖాళీ కుర్చీలో ఉన్నట్టు ఊహించుకుని, ముందు థెరపిస్టే నిలదీస్తారు: "ఈమెతో ఇలా మాట్లాడటానికి వీల్లేదు." మెల్లగా ఆ మాట క్లయింటే అనగలిగేలా చేస్తారు. చిన్నప్పుడు తన తరఫున ఒక్కరూ నోరెత్తని మనిషికి అది ఎంత ధైర్యాన్నిస్తుందో తక్కువ చేసి చెప్పలేను.

ఐఎఫ్‌ఎస్‌లో అదే గొంతును మేనేజర్ అంటారు, అంటే మనిషిని కాపాడాలని చూసే భాగం. దానితో నేరుగా గొడవకు దిగరు.

"ఒంట్లో అది ఎక్కడ తెలుస్తోంది?"

"దవడల దగ్గర. బిగుసుకుపోయాయి."

"దాని మీద మీకేమనిపిస్తోంది?"

"అసహ్యంగా ఉంది."

ఈ అసహ్యం ఇంకో భాగం. కాసేపు పక్కకు జరగమని దాన్నీ మర్యాదగానే అడగాలి. "పాపం, ఎందుకిలా చేస్తోందో తెలుసుకోవాలనుంది" అని క్లయింట్ అన్నప్పుడే ముందుకెళ్ళాలి. అప్పుడు ఆ గొంతునే అడగమంటాం: తిట్టడం మానేస్తే ఏమవుతుందని నీ భయం? "నేను తిట్టకపోతే బయటివాళ్ళు తిడతారు, అది ఈమె తట్టుకోలేదు" అన్న జవాబు వస్తే, అప్పటిదాకా శత్రువులా కనిపించిన గొంతు వెనకాల ఒక కాపలా మనిషి కనిపిస్తాడు.

నేను ముందు ఐఎఫ్‌ఎస్ నేర్చుకోమనేది అందులోని ఒక్క ప్రశ్న కోసమే. "దాని మీద మీకేమనిపిస్తోంది?" అన్నది థెరపిస్టు తనను తాను కూడా వేసుకోవాల్సిన ప్రశ్న. మొదట్లో ఒక క్లయింట్ ఏడుపును ఆపేస్తున్న భాగాన్ని అడ్డంకి అనుకుని, దాన్ని దాటించాలని నేను తొందరపడ్డాను. తర్వాత రెండు సెషన్లకు ఆ క్లయింట్ రాలేదు. ఆ రోజు ఆ గదిని నడిపింది నాలోని విసుగే. కాపలా ఉన్న భాగం ఒప్పుకోకుండా గాయం జోలికి వెళ్ళకూడదన్న నియమం క్లయింట్‌ను మన తొందర నుంచి కూడా కాపాడుతుంది.

రుజువుల విషయంలో మాత్రం స్కీమా థెరపీదే పైచేయి. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా ఉండని మానసిక సమస్య) ఉన్న 86 మందితో నెదర్లాండ్స్‌లో మూడేళ్ళు సాగిన అధ్యయనం 2006లో వచ్చింది. ట్రాన్స్‌ఫరెన్స్ (పాత సంబంధాల్లోని భావాలను క్లయింట్ థెరపిస్టు మీద చూపడం) మీద పనిచేసే మరో థెరపీతో పోల్చితే అందులో స్కీమా థెరపీయే మెరుగైన ఫలితాలిచ్చింది. ఐఎఫ్‌ఎస్ మీద పరిశోధన ఇంకా పలచగానే ఉంది. కాబట్టి మీ దగ్గరకొచ్చే వాళ్ళలో ఎక్కువమంది బోర్డర్‌లైన్ అయితే నా ఇష్టాన్ని పక్కన పెట్టి స్కీమా థెరపీతోనే మొదలుపెట్టండి. తనను తాను దయగా చూసుకోవడం అసలే రాని క్లయింట్‌కు కూడా, ఆ దయను కొంతకాలం థెరపిస్టే అందించే స్కీమా దారే సులువు.

సైకోసిస్ (వాస్తవంతో సంబంధం తెగిపోవడం) గానీ తీవ్రమైన డిసోసియేషన్ (తన నుంచి, తన అనుభవాల నుంచి తానే విడిపోయినట్టుండటం) గానీ ఉంటే, అనుభవమున్న సూపర్‌వైజర్ లేకుండా రెండింటిలో దేన్నీ ప్రయత్నించకండి. మిగతా వాళ్ళతో మొదటి నెలంతా గాయాల దాకా వెళ్ళొద్దు. "దాని మీద మీకేమనిపిస్తోంది?" అని అడిగి, వచ్చిన జవాబును క్లయింట్ మాటల్లోనే రాసుకోండి. ఆ జవాబు విన్నప్పుడు మీకేమనిపించిందో పక్కనే ఇంకో వరుసలో రాయండి.