వినికిడి మిషన్ ఇప్పిస్తామంటే నమ్మకండి, గాజువాక వాళ్లు ముఖ్యంగా

ఇప్పుడే ఇంటికొచ్చాను, కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి. గాజువాకలో మేడ మీద కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ పథకాలు అని బోర్డు పెట్టుకుని కూర్చున్నారే, వాళ్ల గురించే. మీలో చాలామంది ఆ బోర్డు చూసే ఉంటారు.

మా నాన్నకి 71 ఏళ్లు. పోర్టులో కలాసీగా ఆ మోతల మధ్యే బతికాడు, ఇప్పుడు రెండు చెవులూ సరిగా వినపడవు. నెల కిందట వెళ్తే అక్కడ కూర్చున్నవాడు, అరవై దాటినవాళ్లకి కేంద్రం మిషన్ ఉచితంగా ఇస్తుంది, ఫైలు కదలాలంటే 4,500 కట్టాలి అన్నాడు. ఫోన్‌పే చేసేశాను. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు కూడా చేతికిచ్చాను. రసీదు అడగలేదు, అదే నా తప్పు.

ఈరోజు రమ్మన్నారు. మిషన్ వచ్చేసిందనుకుని నాన్న పొద్దున్నే గడ్డం గీసుకుని, పండక్కి కొన్న చొక్కా వేసుకున్నాడు. మెట్లెక్కడానికి పది నిమిషాలు పట్టింది. వాడు కూర్చోమని కూడా అనలేదు, ఇంకో 3,000 కట్టాలన్నాడు. ముందు కట్టినదానికి రసీదివ్వండి అన్నాను. కుర్చీలో వెనక్కి వాలి, “ఏం రసీదమ్మా, ఈ వయసులో ఆయన కొత్తగా ఏం వినాలని? ఉన్నన్నాళ్లు కాస్త గట్టిగా చెప్పుకోండి” అని పక్కవాణ్ణి చూసి నవ్వాడు. నాన్న ఎదురుగానే నిలబడి ఉన్నాడు. వినపడలేదులే అనుకున్నాను. కిందికి దిగాక నా చెయ్యి పట్టుకుని “నాకు మిషన్ వద్దులే అమ్మా” అన్నాడు. మాట వినపడకపోయినా వాడి మొహంలో నవ్వు కనపడింది కదా.

పథకం మాత్రం నిజమే, అందుకే నమ్మాను. దాని పేరు రాష్ట్రీయ వయోశ్రీ యోజన, 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. 60 నిండినవాళ్లలో దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్లకి, నెల ఆదాయం 15,000 దాటనివాళ్లకి చేతికర్ర, వినికిడి మిషన్, చక్రాల కుర్చీ, కట్టుడు పళ్ల లాంటివి ఇస్తారు. కాన్పూర్‌లోని ఆలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ క్యాంపులు పెట్టి, అక్కడే పరీక్ష చేసి, ఎవరికి ఏం కావాలో చూసి ఇస్తుంది. రూపాయి కట్టక్కర్లేదు. డిగ్రీ చదివినదాన్ని, డబ్బు కట్టేముందు ఇదంతా కనుక్కోవాలని నాకెందుకు తోచలేదో తెలీదు. నాన్న మొహం చూడలేకపోతున్నాను.

ఇలాంటివి ఏమైనా అడగాలంటే పెద్దల కోసం 14567 అనే హెల్ప్‌లైన్ నంబర్ ఉంది, డబ్బులు తీసుకోరు. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యండి, ఎంత ఆలస్యమైతే డబ్బు దొరకడం అంత కష్టం. నేను నెల ఆగిపోయాను, అయినా ఫిర్యాదు ఇచ్చాను. రేపు పొద్దున పదింటికి పోలీస్ స్టేషన్‌కి వెళ్తున్నాను. ఆ మేడ మీద వాళ్లకి డబ్బు కట్టినవాళ్లు ఉంటే నాకు చెప్పండి, ఇద్దరు ముగ్గురం కలిసి వెళ్దాం.