మావయ్యతో బొజ్జన్నకొండ, తొట్లకొండ

మా మావయ్య చిత్రకారులు. కుర్రతనంలో రష్యన్ చిత్రకారుడు నికొలస్ రోరిక్ గీసిన హిమాలయాల బొమ్మలు ఏదో పత్రికలో చూసిన దగ్గర్నుంచీ ఆయనకి ఆసియా పిచ్చి. రోరిక్ చివరి రోజుల దాకా ఉన్న కులూ లోయలోని నగ్గర్ చూశారు, అజంతా, శ్రీలంకలోని అనురాధపురం, జావాలోని బోరోబుదూర్ బౌద్ధ స్తూపం తిరిగారు. "మా విశాఖ చుట్టూ ఉన్న బౌద్ధ క్షేత్రాలు మాత్రం వదిలేశారు మావయ్యా" అని దెప్పి మరీ రప్పించాను.

ముందు బొజ్జన్నకొండ ఉన్న శంకరం వెళ్ళాం, అనకాపల్లి దగ్గర. విశాఖ నుంచి 40 కిలోమీటర్లు ఉంటుంది. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులకి కొదవలేదు కానీ గాజువాక దాటేసరికే ఓపిక సగం అయిపోతుంది, పొద్దున్నే బయల్దేరండి. అనకాపల్లిలో ఆటో మాట్లాడుకునేటప్పుడే రానూపోనూ అని చెప్పేయండి, కొండ దగ్గర తిరుగు ఆటో దొరకదు.

బొజ్జన్నకొండ మెట్లెక్కితే గుహ వాకిలికి రెండువైపులా ద్వారపాలకులు, పైన బుద్ధుడు. లోపల 16 స్తంభాల మధ్య అదే రాతిలో తొలిచిన స్తూపం. 1906లో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు జరిపారు. మావయ్య ద్వారపాలకుడి ముందు చతికిలబడి అరిగిపోయిన ముఖాన్ని పెన్సిల్‌తో గీస్తూ కూర్చున్నారు. ఒకప్పుడు కనుమ రోజున ఇక్కడి విగ్రహాన్ని రాక్షసుడనుకుని జనం రాళ్ళు విసిరేవాళ్ళని చెప్పాను. తల ఎత్తకుండానే "వీళ్ళు తెలీక కొట్టార్రా. 2001లో అఫ్ఘనిస్తాన్‌లోని బామియాన్‌లో బుద్ధ విగ్రహాల్ని తెలిసే పేల్చేశారు" అన్నారు.

పక్కనే లింగాలకొండ. వరసలు వరసలుగా రాతి స్తూపాలు, చిన్నా పెద్దా, కొన్ని సగంలో ఆగిపోయినవి. అక్కడ మాత్రం ఆయన పెన్సిల్ జేబులో పెట్టేశారు. బోరోబుదూర్ పైఅంతస్తుల్లో 72 స్తూపాలున్నా అక్కడి రద్దీకి ఒక్కదాని ముందూ నిలబడనివ్వలేదట. ఇక్కడ మేమూ, నాలుగు మేకలూ. తాగడానికి నీళ్ళు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

బసకి మొదట రుషికొండ వైపు ఒక రిసార్ట్ తీసుకున్నాం. సీ వ్యూ అని అదనంగా లాగారు, కిటికీ తెరిస్తే వాటర్ ట్యాంకు. మర్నాడే కాంప్లెక్స్ దగ్గర లాడ్జికి మారాం. గది చిన్నదే, దుప్పట్లు శుభ్రం, కింద ఇడ్లీ బాగుంది. అనకాపల్లికి పోయేవాళ్ళకి ఊళ్ళో బసే నయం.

తొట్లకొండ భీమిలి రోడ్డులో ఉంది, కారు పైదాకా వెళుతుంది, సముద్రం కనిపిస్తుంది. పిల్లలతో వెళ్ళడానికి ఇదే మేలు. నేవీ వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుండగా 1970లలో బయటపడ్డ చోటు. రాతిలో తొలిచిన నీటి తొట్లు మావయ్యకి నచ్చాయి, స్తూపం నచ్చలేదు. 2019 వానలకి కొంత కూలితే మళ్ళీ కట్టారు, "మరీ కొత్తిల్లులా ఉంది" అని పెదవి విరిచారు. నాకేం అనిపించలేదు. ఇక దగ్గర్లోనే ఉన్న మరో బౌద్ధ క్షేత్రం బావికొండలో ఎముక ముక్క ఉన్న భరిణె దొరికింది, అది బుద్ధుడి ధాతువే, అంటే ఆయన శరీర అవశేషమే అంటారు. మేం వెళ్ళేసరికి ఎండ మాడ్చేస్తోంది, మావయ్య కారు దిగనంటే దిగనన్నారు.