తొలి కాపురానికి సామాను: పాతదా, కొత్తదా, అద్దెదా?

కూకట్‌పల్లిలో రెండు గదుల ఇంట్లో దిగిన రోజు మా సామాను రెండు సూట్‌కేసులు, ఒక గ్యాసు పొయ్యి, మా అత్తగారు గుడ్డ కట్టి ఇచ్చిన ఆవకాయ జాడీ. అడ్వాన్సు, మొదటి నెల అద్దె పోగా చేతిలో 40,000 రూపాయలు మిగిలాయి. మంచం, పరుపు, బీరువా, కుర్చీలు, భోజనాల బల్ల అన్నీ అందులోనే సర్దుకోవాలి.

అద్దె సామాను సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే అది లెక్కతోనే తేలిపోతుంది. మంచం, పరుపు, సోఫా, చిన్న బల్ల కలిపి నెలకు 2,200 అన్నారు. రెండేళ్ళకు 52,800. ఆ తర్వాత సామాను వాళ్ళది, రసీదులు మనవి. గీతలు పడితే డిపాజిట్టులో కోత సరేసరి. ఆరు నెలల పనిమీద ఊరు వచ్చినవాళ్ళకు మాత్రం ఇదే సుఖం. వాళ్ళే తెస్తారు, వాళ్ళే పట్టుకుపోతారు. కాపురం పెట్టేవాళ్ళకు కాదు.

ఇక చవక కొత్త సామాను. 2018లో హైటెక్ సిటీలో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణం తెరిచింది. పెట్టె విప్పి మనమే స్క్రూలు బిగించుకునే సామాను ఇప్పుడు ఎవరికీ వింత కాదు. నా పేచీ ఏ దుకాణంతోనూ కాదు, పలకతో. తక్కువ ధర మంచాల్లో, అల్మారాల్లో ఎక్కువగా వాడేది పార్టికల్ బోర్డు. కర్ర ముక్కలను, పొట్టును జిగురుతో అదిమి, పైన చెక్క గీతలు అచ్చువేసిన పొర అంటిస్తారు. కంటికి ఇంపుగా ఉంటుంది. నల్లుల బెడద లేదు, బిల్లు ఉంటుంది, కొలతలు సరిపోతాయి. కానీ మనవి రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్ళు, పండగకు బకెట్లతో కడిగే ఇళ్ళు. అంచు దగ్గర పొర లేచి ఒకసారి నీరు దిగితే పలక ఉబ్బుతుంది. ఉబ్బింది మళ్ళీ తగ్గదు. స్క్రూ ఊడదీసి మళ్ళీ బిగిస్తే పాత పట్టు రాదు. మా స్నేహితుడి అల్మారా మూడో అద్దింటికి చేరేసరికి ఒక మూల మడతపెట్టిన పేపరు మీద ఒరిగి నిలబడింది. గోడకు కొట్టే అరలకు, కంప్యూటర్ బల్లకు ఈ పలక చాలు. ఇద్దరు పడుకునే మంచానికి నేను ఒప్పుకోను.

మిగిలింది పాత సామాను. ఇందులోనూ రెండు దారులున్నాయి. ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం జరిగే జుమ్మేరాత్ బజారు, పాత ఫర్నిచర్ దుకాణాలు ఒక వైపు. ఇల్లు ఖాళీ చేస్తున్న కుటుంబాలు మరో వైపు. దుకాణాల్లో పది మంచాలు ఒకేచోట చూడవచ్చు, బేరానికి చోటుంది. అయితే అక్కడ కొత్త పాలిష్ వాసన వస్తే నాకు అనుమానం మొదలవుతుంది. పగుళ్ళలో లప్పం పెట్టి మెరిపిస్తే దాని కింద ఏముందో తెలియదు. ఇంటివాళ్ళ దగ్గర వస్తువు ఎలా ఉన్నది అలాగే కనిపిస్తుంది.

మేము మంచం కొన్నది మల్కాజిగిరిలో ఒక రిటైరైన పెద్దాయన దగ్గర. కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. నేను ఫోను టార్చి వేసుకుని మంచం కిందికి దూరితే, "బాగా చూసుకో బాబూ, మొహమాటపడకు" అన్నారు. చూడవలసినవి మూడు. మంచం కోళ్ళ దగ్గర నేలమీద పిండిలాంటి పొడి రాలి, కర్రకు సూదిమొన అంత రంధ్రాలుంటే పుచ్చు పట్టినట్టు. మట్టి చారలుంటే చెదలు. కీళ్ళ సందుల్లో నల్లటి చుక్కలుంటే నల్లులు. వెంటనే దండం పెట్టి బయటికి రావాలి. టేకు అవునో కాదో పట్టె లోపలివైపు, పాలిష్ అంటని చోట చూడాలి. ఆ తర్వాత తలవైపు పలక పట్టుకుని ఊపాలి. మనవాళ్ళు "కూసాలు కదిలాయి" అనేది ఇలాంటి చోటే అర్థమవుతుంది. ఆ మంచం కొద్దిగా కిర్రుమంది, అంతే.

ఆయన 8,500 అన్నారు, 7,500కు ఇచ్చారు. సంబరపడి వచ్చేశాం కానీ అసలు ధర అది కాదు. మినీ ట్రక్కుకు 1,400, ఇద్దరు హమాలీలకు 800, బోల్టులు మార్చి కీళ్ళు బిగించిన వడ్రంగికి 600. వెరసి 10,300. పాత సామాను బేరమాడేటప్పుడు ఈ మోత ఖర్చు తలలో లేకపోతే చవక అన్నది భ్రమే.

ఇంకో పొరపాటు నాదే. టేపు తీసుకెళ్ళలేదు. పాత మంచాలకు ఒక కొలత అంటూ ఉండదు. దుకాణంలో ఎక్కువగా సిద్ధంగా ఉన్న 78 అంగుళాల పరుపు మా మంచంలో పట్టలేదు. కొలతకు కోయించిన పరుపు వచ్చేదాకా వారం రోజులు చెక్కల మీద చాప పరుచుకున్నాం. పరుపు కొత్తదే కొన్నాం, 9,000. పరుపు, బట్ట కుట్టిన సోఫా ఎంత చవకగా వచ్చినా పాతవి వద్దు. స్పాంజిలో ఏం దాగి ఉందో టార్చికి కనిపించదు.

బీరువా మాత్రం కళ్ళు మూసుకుని పాతదే కొనవచ్చు. కాదు, కళ్ళు తెరిచే. అడుగున తుప్పు చూడాలి, లాకరు తాళం తిప్పి చూడాలి. మాకు మోతతో కలిపి 7,500 పడింది. మంచంలా విప్పడానికి వీలుండదు కాబట్టి మెట్ల మలుపు ముందే కొలుచుకోవాలి.

ఫోనులో ప్రకటనలు చూసేవాళ్ళకు ఒక మాట. సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, ముందు కొంత పంపితే వస్తువు పంపిస్తాను అనేవాడిని నమ్మవద్దు. వస్తువు కళ్ళారా చూడకుండా రూపాయి ఇవ్వకూడదు. మీరే ఏదైనా అమ్ముతున్నప్పుడు, డబ్బు పంపుతాను, పిన్ కొట్టండి అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

"ఎవరో పడుకున్న మంచం" అని అమ్మ మొహం ముడుచుకుంది. రైలు బెర్తు మాటేమిటి అన్నాను. జవాబు చెప్పకుండా పసుపునీళ్ళు చల్లి ఊరుకుంది.

నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు కొత్తవే తెచ్చాం, 2,800. భోజనాల బల్ల ఇంకా దొరకలేదు. పిల్లల బడులు ముగిశాక, వేసవిలో చాలామంది ఇళ్ళు మారుతారు. అప్పటిదాకా మిగిలిన 10,400 జోలికి పోకుండా కిందే కూర్చుని తింటున్నాం.