తాత్కాలికమంటూ వచ్చి 48 ఏళ్లు: యూనిఫిల్ సేవలపై ఒక సమీక్ష

ఏటా గడువు పొడిగించేది ఒకరు, ఆ సేవ కింద బతికేది మరొకరు అయినప్పుడు, దాని మంచిచెడ్డలను ఎవరి తరఫున తూచాలో ముందే తేల్చుకోవాలి. దక్షిణ లెబనాన్‌లోని ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళం యూనిఫిల్‌ను నేను లెబనాన్, ఇజ్రాయెల్‌ల నడుమ గీసిన నీలి రేఖకు దగ్గరగా ఇళ్లూ పొలాలూ ఉన్నవారి తరఫున తూచదలచుకున్నాను. ఎందుకంటే పొడిగింపుపై చేయెత్తేది న్యూయార్క్‌లో కూర్చున్న భద్రతా మండలి 15 దేశాల ప్రతినిధులే తప్ప వారు కారు.

1978 మార్చిలో ఇజ్రాయెల్ సేనలు లెబనాన్‌లోకి చొచ్చుకువచ్చినప్పుడు, భద్రతా మండలి 425, 426 తీర్మానాలతో ఈ దళాన్ని మొదట ఆరు నెలలకే పంపింది. ‘లెబనాన్‌లో ఐక్యరాజ్య సమితి తాత్కాలిక దళం’ అన్న దాని పూర్తి పేరులోని ‘తాత్కాలిక’ అన్న మాట ఈనాటికీ అలాగే ఉంది. 2006 యుద్ధం తరువాత ఆగస్టు 11న వచ్చిన 1701 తీర్మానం దళాన్ని 15,000 మంది వరకు పెంచుకోవడానికి అనుమతించి, లిటానీ నదికీ నీలి రేఖకూ నడుమ లెబనాన్ ప్రభుత్వానివీ యూనిఫిల్‌వీ తప్ప వేరే ఆయుధాలు ఉండరాదని రాసింది. కొనుగోలుదారుకు చూపించిన కరపత్రం అదే. లోపలి షరతు మాత్రం వేరు: ఆయుధాలను తొలగించే పని లెబనాన్ సైన్యానిది, యూనిఫిల్ దానికి సాయపడాలి, ప్రైవేటు ఆస్తిలోకి ఆ సైన్యాన్ని వదిలి తనంతట తాను వెళ్లి సోదా చేయలేదు. అందుచేత 2018 డిసెంబరులో రేఖ కిందుగా తవ్విన సొరంగాలను ఇజ్రాయెల్ బయటపెట్టినప్పుడు, కొన్ని నిజంగానే రేఖను దాటాయని నిర్ధారించడం ఈ దళం వంతైంది. ఇచ్చిన అధికారం అంతవరకే ఉన్నప్పుడు పనివాడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు, ఒప్పందం రాసినవాడిని అడగాలి.

అలా అడిగే అవకాశం ప్రతి ఆగస్టులోనూ వచ్చేది. ముసాయిదాను ఫ్రాన్స్ రాసేది, మాటల మీద బేరాలు నడిచేవి, చివరికి మరో ఏడాది దొరికేది. ముందస్తు అనుమతి లేకుండానే దళం స్వతంత్రంగా తిరగవచ్చని 2022 నాటి 2650 తీర్మానం తేల్చిచెప్పగా లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్బొల్లా అభ్యంతరం తెలిపింది. ఆ డిసెంబరులోనే వాహనంపై జరిగిన దాడిలో ఒక ఐరిష్ సైనికుడు ప్రాణం కోల్పోయాడు. కాగితం మీద పెరిగిన స్వేచ్ఛ దారిలో ఎంతవరకు చెల్లుతుందో అప్పుడు తెలిసింది. ఇన్నేళ్లలో ఈ దళం 330 మందికి పైగా తన వారిని పోగొట్టుకుంది.

ఇక నిజంగా మెచ్చుకోవలసిన పని గురించి చెప్పాలి. సుమారు 120 కిలోమీటర్ల నీలి రేఖ సరిహద్దు కాదు. 2000లో ఇజ్రాయెల్ సేనలు వెనుదిరిగాయా లేదా అని సరిచూడడానికి గీసిన గీత. ఆ గీతను నేల మీద చూపేందుకు నీలిరంగు పీపాలను నిలబెట్టారు. ఒక్క పీపా నిలపాలంటే ముందు మందుపాతరలు తీసి దారి చేయాలి, తరువాత అక్కడి అక్షాంశ రేఖాంశాలను ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. గీత ఎక్కడుందో తెలియని కాపరి మేకల వెంట పొరపాటున అవతలికి వెళ్లకుండా చూసేది ఆ పీపాయే. దక్షిణ లెబనాన్‌లో రాస్ అల్ నఖూరా వద్దనున్న ఐక్యరాజ్య సమితి స్థావరంలో 2006 తరువాత జరిగిన త్రైపాక్షిక సమావేశాలూ ఇలాంటివే. లెబనాన్, ఇజ్రాయెల్ సైనికాధికారులు ఒకే గదిలో కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, మధ్యనున్న యూనిఫిల్ కమాండరుకు చెప్పుకునేవారు. చూసేవారికి వింతగా తోచవచ్చు కానీ, పొలం దగ్గర మొదలైన తగాదా తుపాకుల దాకా పోకుండా చాలాసార్లు ఆపింది ఈ పద్ధతే. 2023 అక్టోబరులో కాల్పులు మొదలయ్యాక ఆ సమావేశాలు ఆగిపోయాయి. తూర్పు వైపున ఉన్న భారత పటాలం పల్లెల్లో పశువులకు వైద్యం చేయడం కూడా ఈ ఖాతాలోనే వేయాలి; తీర్మానాల్లో కనిపించని సేవ అది.

ఏడాదికి సుమారు 50 కోట్ల డాలర్ల ఖర్చుకు ఇది తగునా అన్న ప్రశ్న అమెరికా గట్టిగానే లేవనెత్తింది. దాని ఫలితమే 2025 ఆగస్టు 28న ఏకగ్రీవంగా ఆమోదించిన 2790 తీర్మానం: 2026 డిసెంబరు 31 వరకు చివరిసారిగా పొడిగింపు, ఆపై ఏడాదిలోగా ఉపసంహరణ. లెబనాన్ భూభాగంలో పట్టి ఉంచుకున్న ఐదు స్థావరాలతో సహా నీలి రేఖకు ఉత్తరాన ఉన్న చోట్ల నుంచి వైదొలగాలని అదే తీర్మానం ఇజ్రాయెల్‌ను కోరింది. యూనిఫిల్ వెళ్లాక 1701 అమలు ఎలాగో 2026 జూన్ 1 లోగా సూచించాలని ప్రధాన కార్యదర్శికి చెప్పింది. ముందు కాపలావాడికి సెలవు చెప్పి, తలుపుకు తాళం ఎలా వేయాలో తరువాత ఆలోచిద్దామన్నట్టుంది ఈ వరుస.

నిరాయుధీకరణకు అయిదింటిలో ఒకటిన్నర, పరిశీలనకు మూడు, ఇరుపక్షాల నడుమ మధ్యవర్తిత్వానికి నాలుగున్నర ఇస్తాను. చివరి పొడిగింపుకు రెండు చాలు. ఎందుకంటే రాత్రివేళ రేఖ వద్ద కాల్పుల చప్పుడు వినబడితే రెండు సైన్యాలకూ ఫోన్ చేసి మాట్లాడేది ఇకమీదట ఎవరో అందులో రాయలేదు.