పాంపేలో పింక్ ఫ్లాయిడ్: 2003 డిస్కా, 2025 డిస్కా, ఏది మేలు?

1971 అక్టోబరులో ఇటలీలోని పాంపే శిథిలాల మధ్య, ప్రేక్షకుల్లేని ఆంఫిథియేటర్‌లో బ్రిటిష్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ వాయించగా దర్శకుడు ఏడ్రియన్ మేబెన్ తీసిన ‘లైవ్ ఎట్ పాంపే’ చిత్రం డిస్కులపై ఇప్పుడు ప్రధానంగా రెండు రూపాల్లో చర్చకు వస్తోంది. మొదటిది, దర్శకుడే 2003లో మళ్ళీ కూర్చిన ‘డైరెక్టర్స్ కట్’ డీవీడీ. రెండవది, 35 ఎం.ఎం. ఫిల్మ్ మూలం నుంచి 4కె అనే అధిక స్పష్టత స్థాయిలో పునరుద్ధరించి 2025 మే నెలలో విడుదల చేసిన బ్లూరే, డీవీడీ. వీటిని చూసినవారి అభిప్రాయాలు ఎంత దూరదూరంగా ఉంటాయంటే, ఒకరు ప్రాణప్రదంగా చూసుకునే భాగాన్ని ఇంకొకరు రిమోట్‌తో దాటేస్తారు. దీనికి కారణం అభిరుచి భేదం ఒక్కటే కాదు. ఒకే చిత్రం గురించి వాదించుకుంటున్నామని అనుకుంటూ, నిజానికి వారు వేరువేరు చిత్రాలు చూసి ఉంటారు. కనుక ఏది కొనాలో తేల్చే ముందు ఏ రూపంలో ఏముందో తెలుసుకోవాలి.

1972 సెప్టెంబరులో ఎడిన్‌బరో చలనచిత్రోత్సవంలో మొదట చూపినది సుమారు ఒక గంట నిడివి గల చిత్రం. అందులో పాటలు, శిథిలాలు, అగ్నిపర్వతపు నేల తప్ప మాటలు లేవు. గంట సినిమాను థియేటర్లలో నడపడం కష్టం కనుక, లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్ తయారవుతున్న కాలంలో తీసిన దృశ్యాలను, భోజనశాలలో బృంద సభ్యుల సంభాషణలను చేర్చి 1974లో సుమారు ఎనభై నిమిషాల రూపాన్ని విడుదల చేశారు. చాలామంది వీడియో టేపుల్లో చూసి పెరిగింది ఈ రూపాన్నే. 2003లో వచ్చిన డీవీడీ ప్రధాన చిత్రం దాదాపు తొంభై నిమిషాలు సాగుతుంది, దానికి తోడుగా మొదటి గంట రూపం కూడా అదే డిస్కులో ఉంది. 2025 బ్లూరేలోనూ స్టూడియో భాగాలతో కూడిన పూర్తి చిత్రం, కచేరీ మాత్రమే ఉన్న గంట రూపం రెండూ ఉన్నాయి. పైకి రెండు డిస్కులూ ఒకే సరుకు ఇస్తున్నట్లు కనిపించినా, తేడా అంతా ప్రధాన చిత్రాన్ని మలచిన తీరులో ఉంది.

ఈ చిత్రానికి విలువ ఎక్కడినుంచి వచ్చిందో గుర్తు చేసుకుంటేనే ఆ తేడా బరువు తెలుస్తుంది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద కప్పివేసిన నగరం అది. అక్కడి ఆంఫిథియేటర్ క్రీస్తుపూర్వం 70 ప్రాంతంలో రాతితో కట్టినది, ఒకప్పుడు వేలమంది కూర్చుని చూసినది. ఈ చిత్రీకరణకు రెండేళ్ళ ముందు అమెరికాలో జరిగిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవం తరువాత, రాక్ సంగీత చిత్రమంటే పాటకొక సగం, జనసందోహానికొక సగం అన్న పద్ధతి స్థిరపడింది. మేబెన్ ఆ జనాన్ని పూర్తిగా తీసేశారు. పాటకు నోరు కదిపి నటించడానికి ఒప్పుకోకుండా బృందం నిజంగానే అక్కడ వాయించింది. అందుకోసం కచేరీ సామగ్రినంతటినీ ఇంగ్లండ్ నుంచి లారీల్లో తెప్పించారు, విద్యుత్తు చాలకపోతే ఊళ్ళోనుంచి పొడవాటి తీగ లాగారు. చప్పట్లు లేవు, కేకలు లేవు. స్పీకర్ పెట్టెల వెనుకగా కెమెరా నెమ్మదిగా పట్టాలపై జరుగుతూ ఉంటే, ఖాళీ మెట్ల వరుసల మధ్య నలుగురు మనుషులు తమ పనిలో మునిగి కనిపిస్తారు. ఆ ఖాళీయే ఈ చిత్రానికి ప్రాణమని నా నమ్మకం. ఏ డిస్కు ఆ ఖాళీని ఖాళీగా ఉండనిచ్చిందన్నదే నేను ఇక్కడ వాడే కొలబద్ద.

ఆ కొలతతో చూస్తే 2003 ప్రధాన చిత్రం నిలవదు. పాటల మధ్య, కొన్నిచోట్ల పాటలపైనే, గ్రహాలు, అంతరిక్ష దృశ్యాలు, కంప్యూటర్‌లో నిర్మించిన పాంపే నగరపు బొమ్మలు వచ్చి చేరాయి. ఈ చేర్పులను మెచ్చినవారు లేకపోలేదు. ఫ్లాయిడ్ సంగీతాన్ని మొదటినుంచీ అంతరిక్షంతో ముడిపెట్టి వినేవారికి అవి అసందర్భంగా అనిపించలేదు, పైగా చిత్రకర్త తన చిత్రాన్ని తానే మార్చుకుంటే కాదనడానికి మనమెవరమన్న వాదన కూడా బలమైనదే. మేబెన్ ఇబ్బందినీ అర్థం చేసుకోవాలి. కొత్తగా చేర్చడానికి వాడని కచేరీ దృశ్యాలు ఆయనకు దాదాపుగా మిగలలేదు. ప్యారిస్ దగ్గరి ఫిల్మ్ భాండారంలో దాచిన, వాడకుండా మిగిలిపోయిన నెగటివ్ డబ్బాలు వందల సంఖ్యలో కాల్చివేతకు గురయ్యాయని ఆయనే బాధతో చెప్పుకున్నారు. అయినా, లేని దృశ్యాల స్థానంలో కంప్యూటర్ బొమ్మలు పెట్టినప్పుడు 1971 నాటి రాతి మెట్లకు 2003 నాటి సాంకేతికత అతుకు పడింది. ఆ రాళ్ళు ఇప్పటికీ పాతబడలేదు కానీ, ఆ బొమ్మలు పదేళ్ళు తిరగకముందే పాతబడ్డాయి. పాత తాళపత్రంపై దుమ్ము తుడవడం ఒక పని, దానిపై కొత్త అక్షరాలు చెక్కడం మరొక పని. 2003 డిస్కు చేసింది ఆ రెండో పని.

చట్రం విషయంలోనూ ఫిర్యాదు ఉంది. వెడల్పు టీవీలకు సరిపోయేలా ప్రధాన చిత్రాన్ని కత్తిరించడంతో పైనా కిందా కొంత దృశ్యం పోయింది. అదే డిస్కులోని గంట రూపం మాత్రం పాత కొలతల్లోనే, పక్కల నల్లని పట్టీలతో వస్తుంది. అందుకే 2003 డీవీడీ ఉన్నవారిలో చాలామంది ప్రధాన చిత్రాన్ని ఒకసారి చూసి పక్కన పెట్టి, మళ్ళీమళ్ళీ గంట రూపాన్నే చూశారు. నా సలహా కూడా అదే: ఆ డిస్కు ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని తక్కువగా చూడవలసిన పని లేదు, మెనూలో సరైన చోటికి వెళితే చాలు.

ఇక 2025 డిస్కు. బృందపు సొంత భాండారంలో, సరిగ్గా పేర్లు రాయని ఐదు డబ్బాల్లో అసలు 35 ఎం.ఎం. నెగటివ్ దొరికిందని విడుదల సమయంలో ప్రకటించారు. పునరుద్ధరణ బాధ్యతను లానా టోఫమ్ నిర్వహించారు. చూడగానే తెలిసే మార్పు రంగు. పాత టేపుల్లో, డీవీడీల్లో గోధుమరంగు మసకగా కనిపించిన గోడలు ఇప్పుడు ఎండ తగిలిన రాయిలా కనిపిస్తాయి. గాంగ్ అనే పెద్ద లోహపు పళ్ళాన్ని బాస్ గిటార్ వాద్యకారుడు రోజర్ వాటర్స్ మోదుతున్నప్పుడు ఆయన వెనుక ఆకాశం ఏ వేళదో చెప్పగలిగినంత స్పష్టత ఉంది. ఫిల్మ్ గరుకుదనాన్ని నునుపు చేసేశారేమోనని భయపడినవారు నిశ్చింతగా ఉండవచ్చు, ఇది ఫిల్మ్‌లాగానే ఉంది. స్పష్టత పెరగడం వల్ల చిత్రంలోని అతుకులు కూడా బయటపడతాయని కొందరు ప్రేక్షకులు అంటారు, అది నిజమే. ‘కేర్‌ఫుల్ విత్ దట్ ఆక్స్, యూజీన్’, ‘సెట్ ద కంట్రోల్స్ ఫర్ ద హార్ట్ ఆఫ్ ద సన్’ అనే పాటలు పాంపేలో కాక ఆ తరువాత ప్యారిస్ స్టూడియోలో చిత్రించినవి. అక్కడ కీబోర్డు వాయించే రిచర్డ్ రైట్‌కు గడ్డం లేదు, పాంపేలో ఉంది. ఇది తెలిసిన తరువాత గడ్డాన్ని గమనించకుండా ఉండటం కష్టం. అయితే ఆ అతుకు చిత్రంతో పాటే పుట్టింది కనుక దాన్ని దాచకపోవడమే సరైన పని.

‘వన్ ఆఫ్ దీజ్ డేస్’ సంగతి ఇంకా విశేషమైనది. ఆ పాట తీసిన రీళ్ళలో కొన్ని పోయినందువల్ల మిగిలిన దృశ్యాల్లో అధికభాగం డ్రమ్మర్ నిక్ మేసన్‌వే. నష్టం వల్ల ఏర్పడిన ఆ కూర్పు ఒక డ్రమ్మర్‌ను ఇంత దగ్గరగా, ఇంతసేపు చూపే అరుదైన సంగీత దృశ్యంగా మారింది. మధ్యలో ఆయన చేతిలోంచి పుల్ల జారిపోయినా, దెబ్బ తప్పకుండా ఇంకొకటి అందుకునే క్షణం కొత్త డిస్కులో ఎంత తేటగా ఉందంటే, ఈ ఒక్క పాట కోసం పాతది ఇచ్చి కొత్తది కొన్నా తప్పు లేదు. కొత్త దృశ్యాలేవీ చేర్చకుండా, ఉన్నదాన్నే బాగా చూపడం ఎంత ఫలితమిస్తుందో దీనితో తెలుస్తుంది.

ధ్వని దగ్గర తీర్పు ఇంత తేలిక కాదు. 2003 డీవీడీలో ఉన్నది స్టీరియో మాత్రమే, ఆ రోజుల్లోనే ఇంట్లో చుట్టూ ధ్వని వినిపించే 5.1 స్పీకర్లు పెట్టుకున్నవారిని అది నిరాశపరచింది. 2016లో వచ్చిన ‘ది ఎర్లీ ఇయర్స్’ డిస్కుల పెట్టెలో కచేరీ పాటలకు 5.1 మిక్స్ (గొంతులు, వాద్యాల ధ్వనుల కూర్పు) ఇచ్చారు, కానీ ఆ ఒక్కదాని కోసం అంత పెద్ద పెట్టె కొనడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు. 2025 డిస్కుకు స్టీవెన్ విల్సన్ కొత్తగా మిక్స్ చేశారు. కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్, యెస్ వంటి బృందాల పాత ఆల్బమ్‌లను ఇదే విధంగా మళ్ళీ మిక్స్ చేసి పేరు తెచ్చుకున్నవారు ఆయన. బ్లూరేలో స్టీరియో, 5.1తో పాటు పైనుంచి కూడా ధ్వని వినిపించే డాల్బీ అట్మాస్ కూడా ఉంది. బాస్ గిటార్, డ్రమ్స్ ఇదివరకెన్నడూ లేనంత విడివిడిగా వినిపిస్తున్నాయని మెచ్చుకునేవారు ఎక్కువ. అయితే పాత మిక్స్‌లోని ముద్దదనమే, అన్నీ కలిసి ఒకే గాలిలా వచ్చి తాకే గుణమే తమకిష్టమని చెప్పేవారి మాటను నేను కొట్టిపారేయలేను. ‘ఎ సాసర్‌ఫుల్ ఆఫ్ సీక్రెట్స్’ నడిమి భాగంలో ఆ గందరగోళం కొంత అవసరమే. ‘ఎకోస్’లో మాత్రం రైట్, గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ గొంతులు కలిసే చోట, ఆపై రైట్ కీబోర్డు ఒక్కటే మిగిలే చోట, కొత్త మిక్స్ తిరుగులేనిది. టీవీలోని స్పీకర్లతోనే చూసేవారికి అట్మాస్ వల్ల ప్రయోజనం ఏమీ లేదు, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని స్టీరియో వినడం మేలు.

స్టూడియో భాగాల గురించి వాదన ఎప్పటికీ తెగదు. పాటకూ పాటకూ మధ్య ఆబీ రోడ్ భోజనశాల కబుర్లు వచ్చి ధ్యానాన్ని చెడగొడతాయని ఒక వర్గం, ‘డార్క్ సైడ్’ తయారీని కళ్ళారా చూపే ఏకైక అవకాశాన్ని ఎలా వదులుకోగలమని ఇంకొక వర్గం. నేను మొదటి వర్గం వైపు మొగ్గుతాను కానీ, రెండవ వర్గం కారణం గట్టిది. సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యం ముందు కూర్చుని ‘ఆన్ ద రన్’ శబ్దాలను వాటర్స్ తిప్పుతున్న దృశ్యం సంగీత చరిత్రకు పత్రం వంటిది. 2008లో కన్నుమూసిన రైట్ పియానో దగ్గర పని చేస్తూ కనిపించడం కూడా ఈ భాగాల వల్లనే దక్కింది. మొదటిసారి చూసేవారు గంట రూపంతో ప్రారంభించి, నచ్చితే పూర్తి చిత్రానికి వెళ్ళడం మంచిది.

నా మాటగా చెప్పమంటే, కొత్తగా కొనేవారు సందేహం లేకుండా 2025 బ్లూరే తీసుకోవచ్చు. పునరుద్ధరణ 4కెలో జరిగినా బ్లూరేలో ఉండేది 1080 గీతల చిత్రమేనని గుర్తుంచుకోవాలి. అదే విడుదలలోని డీవీడీలో చిత్రం ఇంకా తగ్గుతుంది కనుక, ప్లేయర్ ఉంటే బ్లూరేకే ప్రాధాన్యం ఇవ్వాలి. భారతదేశానికి డీవీడీల్లో 5వ ప్రాంతం, బ్లూరేల్లో సి ప్రాంతం కేటాయించారు, అమెరికాకు వరుసగా 1, ఎ. అక్కడున్న బంధువులు పంపే డిస్కు ఇక్కడి ప్లేయర్‌లో ఆడుతుందో లేదో అట్టపై ఉన్న ప్రాంత సంకేతాన్ని చూసి ముందే నిర్ధారించుకోవాలి. ‘లైవ్ ఎట్ పాంపే’ పేరుతోనే 2017లో వచ్చిన ఇంకో డిస్కు కూడా దుకాణాల్లో కనిపిస్తుంది. అది డేవిడ్ గిల్మోర్ 2016 జూలైలో అదే ఆంఫిథియేటర్‌లో, ఈసారి ప్రేక్షకుల ముందు, తన సొంత బృందంతో ఇచ్చిన కచేరీ. చక్కటి కచేరీయే కానీ ఇది కాదు. పేరు చూసి తొందరపడకుండా సంవత్సరం చూసి కొనాలి.

2003 డీవీడీని అమ్మివేయమని మాత్రం చెప్పను. అందులో మేబెన్ ఇచ్చిన ఇంటర్వ్యూ ఉంది. పాంపేలో పోగొట్టుకున్న పాస్‌పోర్టు కోసం సాయంత్రం వేళ ఒంటరిగా శిథిలాల్లోకి తిరిగి వెళ్ళినప్పుడు ఆ నిశ్శబ్దంలో తనకీ ఆలోచన వచ్చిందన్నది ఆయన చెప్పుకున్న కథ. ఆ అనుభవాన్ని పొందిన మనిషే ముప్పై ఏళ్ళ తరువాత ఆ నిశ్శబ్దంపై గ్రహాలను ఎందుకు తిప్పాడన్న ప్రశ్న వేసుకునేవారు ఆ ఇంటర్వ్యూను తప్పక చూడాలి.